బాల్కనీలో కుండీలు

కూకట్‌పల్లిలో మేము అద్దెకిచ్చిన ఫ్లాట్ నుంచి నీరు కారుతోందని కింది ఇంటివారు చెప్పగా, ప్లంబర్‌ను వెంటబెట్టుకుని వెళ్లిన నాకు బాల్కనీ తలుపునకు అడ్డంగా నిలబడిన కుర్రాడు, అతని వెనుక కుండీల్లో గంజాయి మొక్కలు కనిపించాయి.

"ఇంకా పూత కూడా రాలేదు అంకుల్, ఆకులే కదా" అన్నాడు. మాదకద్రవ్యాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం పూత లేని ఆకును గంజాయి నిర్వచనం నుంచి మినహాయించిన మాట నిజమే గానీ, అనుమతి లేకుండా మొక్కను పెంచడమే 20వ సెక్షన్ కింద నేరమనీ, 10 ఏళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చనీ, తెలిసీ అనుమతిస్తే 25వ సెక్షన్ ఇంటి యజమానినీ వదలదనీ అతనికి వివరించాను.

చదువుకుంటున్న పిల్లవాడని మనసు చాలా కష్టపడింది. అయినా పోలీసులకు తెలియజేశాను. న్యాయవాదిని చూసుకొమ్మని అతని తండ్రికీ నేనే ఫోన్ చేసి చెప్పాను.