మర్రి నీడలో మౌన గురువు

చిత్రం వటతరోర్మూలే వృద్ధాః శిష్యా గురుర్యువా
గురోస్తు మౌనం వ్యాఖ్యానం శిష్యాస్తు ఛిన్నసంశయాః

దక్షిణామూర్తి ధ్యాన శ్లోకాల్లో చాలామందికి నోటికి వచ్చే శ్లోకం ఇది. మర్రిచెట్టు మొదట్లో ఎంత వింత! శిష్యులేమో ముసలివాళ్లు, గురువు పడుచువాడు. ఆయన నోరు విప్పడు, వీళ్ల సందేహాలు మాత్రం తీరిపోతాయి.

స్వామి మర్రి కిందే ఎందుకు కూర్చున్నాడో మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రిని చూశాక నాకు కొంత అర్థమైంది.

మూడెకరాల మేర పరుచుకున్న ఆ మాను వయసు ఏడు వందల ఏళ్లని చెబుతారు. ఆ లెక్కన అది మొలకెత్తేనాటికి ఓరుగల్లులో కాకతీయుల ఏలుబడి ముగింపుకొచ్చింది. తర్వాత బహమనీలు, కుతుబ్‌షాహీలు, నిజాములు వచ్చారు, వెళ్లారు. దాని నీడన ఒక ముస్లిం ఫకీరు సమాధి కూడా ఉంది. అసలు మొదలు ఏదో ఇప్పుడు గుర్తుపట్టలేం. అన్నీ ఊడలే! కొత్తగా దిగుతున్న ఊడ కొసను దగ్గరగా చూడండి. లేత పసుపు రంగులో, గోరు తగిలితే చిట్లేంత మెత్తగా ఉంటుంది. అదే నేల తాకి వేరూనుకుందంటే మానులా లావెక్కి, తనకన్నా ఎన్నో ఏళ్లు పెద్దదైన కొమ్మను మోస్తుంది. ఇందులో వృద్ధులెవరు, యువకులెవరు? శ్లోకంలోని వింత అక్కడ కళ్లెదుటే ఉంది.

అందుకే ఊడలు పట్టుకుని ఊగేవాళ్లను, బెరడు మీద పేర్లు చెక్కేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. తెగిన ఊడ నేలకు చేరదు, పైకొమ్మకు ఆసరా దొరకదు. పిల్లలమర్రికి చెదలు కూడా పట్టి, 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగి పడింది. 2018లో సెలైన్ బాటిళ్లలో చెదల మందు నింపి, చుక్క చుక్కగా మానులోకి ఎక్కించారు. ఒరిగిన కొమ్మలకు ఆధారాలు కట్టారు, ఊడలను పైపుల గుండా నేలదాకా దించారు. ఏ అభిషేకానికీ తీసిపోని సేవ అది!

ఆ తర్వాత జనాన్ని దూరం నుంచే చూడనిచ్చారు. అంత దూరం వెళ్లి తాకకుండా రావాలా అని కొందరు నొచ్చుకున్నారు. నాకైతే అదే సబబనిపించింది. గర్భగుడి గడప కూడా మనం దాటం కదా, ఇవతల నిలబడే దండం పెట్టుకుంటాం.