9.5 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక!

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టి నెలయింది. ఇన్‌స్టాల్ చేయడం పది నిమిషాల పని. కొబ్బరి దింపు కూలి లెక్క, 75 కిలోల ధాన్యం బస్తాలను క్వింటాళ్లలోకి మార్చడం ఒక్క సాయంత్రంలో అయిపోయాయి. అంకెలన్నీ ప్రోగ్రాంలోనే రాసేశాను కాబట్టి ఇబ్బంది రాలేదు.

మూడోది ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టం. మాది గోదావరి గట్టు పక్క ఊరు. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. నీటిమట్టం టైప్ చేస్తే ఏ హెచ్చరికో చూపించాలి. మొదట ఎర్రర్ వచ్చింది. దాన్ని చదవకుండా, తోచినట్టు ఆ మూడు అంకెలకూ కొటేషన్లు పెట్టాను. ఎర్రర్ పోయింది! 12.5, 14, 18 కొట్టి చూస్తే అన్నీ సరిగ్గానే వచ్చాయి.

సంతోషంగా నాన్నకు చూపించాను. ఆయన 9.5 కొట్టమన్నారు. మూడో ప్రమాద హెచ్చరిక!

"ఇది నమ్మితే లంకల్లో వాళ్లు గొడ్లు తోలుకుని గట్టెక్కేస్తారమ్మా" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

రాజమండ్రిలో ఫీజు కట్టిన కోచింగ్ సెంటర్‌లో అడిగాను. సారు అందరి ముందూ "ఇది కూడా రాదా?" అని కీబోర్డు లాక్కుని, ఏదో మార్చి, మళ్లీ చెరిపేసి వెళ్లిపోయారు. ఏం మార్చారో చెప్పలేదు. బస్సులో ఇంటిదాకా ఏడుపు ఆపుకున్నాను. చెప్పకుండా సరిచేసే మనిషి దగ్గర ఒక్క రోజు కూడా ఉండొద్దు, ఫీజు పోయినా సరే.

రెండు రాత్రులు కూర్చున్నాను. చివరికి టైప్ ఫంక్షన్‌తో నీటిమట్టం ఏ రకమో అడిగితే స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస, అంది. మనం టైప్ చేసింది తీసుకునే ఇన్‌పుట్ ఫంక్షన్ ఏది తీసుకున్నా అక్షరాలుగానే ఇస్తుందట. అక్షరాలను నిఘంటువులో మాటల్లా ఎడమవైపు నుంచి పోలుస్తుంది. 9.5లో మొదటిది 9, 17.75లో మొదటిది 1. 9 పెద్దది కాబట్టి అక్కడే తేల్చేసింది. నేను కొట్టిన మిగతావన్నీ 1తో మొదలయ్యేవే, అందుకే తప్పు బయటపడలేదు. కొటేషన్లు తీసేసి, ఇన్‌పుట్‌ను ఫ్లోట్‌లోకి, అంటే దశాంశ సంఖ్యలోకి, మార్చాను. మొదటి రోజు వచ్చిన ఎర్రర్ ఆఖరి లైన్ చెప్పింది కూడా ఇదే, స్ట్రింగ్‌ను ఫ్లోట్‌తో పోల్చలేనని. మీరు మాత్రం ఆ ఆఖరి లైన్ చదవకుండా దేన్నీ ముట్టుకోవద్దు.

పొద్దున్నే నాన్నను పిలిచాను. ఈసారి ఆయనే 9.5 కొట్టారు. హెచ్చరిక లేదని వచ్చింది. తర్వాత 17.75 కొట్టి, చాలాసేపు స్క్రీన్ వంక చూశారు.