మౌంటెన్ బైక్‌కి రోడ్డు టైర్లు

రోజూ ఆఫీసుకి మౌంటెన్ బైక్ తొక్కేవాళ్లు సైకిల్ మార్చాలనుకునే ముందు ఒకసారి టైర్లు మార్చి చూడండి. నాకైతే కొత్త బండి ఎక్కినట్టే ఉంది.

గుబ్బల టైర్లు మట్టిలో పట్టు కోసం చేసినవి. తారు మీద ప్రతి గుబ్బా నొక్కుకుని, వంగి, మళ్లీ లేస్తుంది. మన శ్రమలో కొంత ఆ రబ్బరులో వేడిగా పోతుంది. విప్పేసిన నా వెనక టైరుకి నడుమ గుబ్బలు అరిగి చదునైపోయాయి, అంచులవి మాత్రం ఇంకా పదునుగానే ఉన్నాయి. ఊరికే మోశానన్నమాట!

కొనేటప్పుడు టైరు పక్కన ఉండే అంకెలు చూడాలి. 50-559 అంటే వెడల్పు 50 మిల్లీమీటర్లు, రిమ్ కొలత 559, అంటే 26 అంగుళాల మౌంటెన్ బైక్ చక్రం. 27.5కి 584, 29కి 622. ఉత్త "26" చూసి కొనకండి, ఆ పేరుతో వేరే కొలతల రిమ్‌లూ ఉన్నాయి.

నేను ఎక్కువగా ఊగిసలాడింది పంక్చర్ల దగ్గర. ష్వాల్బే కంపెనీ మారథాన్ ప్లస్ టైరులో 5 మిల్లీమీటర్ల రక్షణ పొర ఉంటుంది. గాజుపెంకులకి భలే అడ్డు, కానీ బరువు, కాస్త మొద్దు నడక. పల్చటి టైరు హాయిగా దొర్లుతుంది, దారిలో ఏది మెరిసినా టెన్షన్. చివరికి నడుమ నున్నగా, లోపల పంక్చర్ బెల్ట్‌తో ఉన్న మధ్యరకం తీసుకున్నా. గాలి మాత్రం టైరు మీద రాసిన పరిమితి దాటనివ్వను, ముందు చక్రానికి ఇంకొంచెం తక్కువే.

ఇంకా సన్నవి కావాలంటే రిమ్ వెడల్పుకి సరిపోతాయో లేదో చూసుకోండి, ట్యూబులు కూడా మార్చాల్సి రావచ్చు.