అప్‌డేట్ అయ్యాక దారి తప్పిన ఫోన్
రాత్రి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పెట్టి పడుకున్నా, పొద్దున అమీర్‌పేటలో నిలబడి క్యాబ్ బుక్ చేస్తే మ్యాప్‌లో నేను ఎస్సార్ నగర్‌లో ఉన్నానట! "సార్, లొకేషన్‌కే వచ్చిన, మీరెక్కడున్నరు?" అని డ్రైవర్ మూడుసార్లు ఫోన్ చేశాడు, పాపం. మెట్రో లైను కింద ఉన్నాగా, సిగ్నల్ బిల్డింగులకు తగిలి తిరిగొస్తోందేమో అనుకున్నా గానీ, ఖాళీ జాగాలోకి వచ్చినా నీలం చుక్క చుట్టూ వలయం ఒక పేటంత. ఫోన్‌ని గాల్లో ఎనిమిది అంకెలా తిప్పా (చాయ్ తాగుతున్న పెద్దాయన వింతగా చూశాడు), దాంతో కుదిరేది దిక్సూచి మాత్రమే, చుక్క కదల్లేదు. రీస్టార్ట్ చేసినా అంతే. తీరా సెట్టింగ్స్‌లో చూస్తే మ్యాప్‌కీ క్యాబ్ యాప్‌కీ 'కచ్చితమైన లొకేషన్' ఆఫ్‌లో ఉంది, అలా ఉంటే ఆండ్రాయిడ్ సుమారు 3 చదరపు కిలోమీటర్ల అంచనానే ఇస్తుంది. ఆన్ చేశా, చుక్క వచ్చి నా కాళ్ల దగ్గర వాలింది. క్యాబ్ అప్పటికే క్యాన్సిల్.