పిల్లల్ని అభిమానులు కానిద్దాం

ఇక్కడ అమెరికాలో మనవాళ్ళు పుట్టినరోజుకో వ్రతానికో కలిసినప్పుడల్లా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "మా పిల్లలు తెలుగు సినిమా చూడరండీ, పది నిమిషాలు కూర్చుంటే గొప్ప" అని. ఆ మాట వెనకాల ఉన్న దిగులు నాకూ తెలుసు. కానీ ఆ పది నిమిషాలూ పిల్లలు ఏం వింటున్నారో కూడా చూడాలి. చాలా ఇళ్ళల్లో తెలుగు సినిమా అంటే వారాంతపు తెలుగు క్లాసుకి కొనసాగింపు. పక్కన అమ్మో నాన్నో కూర్చుని "చూశావా, అత్తగారికి ఎలా దణ్ణం పెట్టిందో", "చూశావా, అన్నదమ్ములు ఎంత కలిసి ఉన్నారో" అని చెబుతూనే ఉంటారు. పదిహేనేళ్ళ పిల్ల అక్కడ ఎందుకు కూర్చుంటుంది?

మనం అలా చూసి పెరగలేదు కదా. రాజమండ్రిలో శుక్రవారం సాయంత్రం చిత్రలహరి మొదలైతే అమ్మ వంటింట్లోంచి ఎన్నిసార్లు పిలిచినా నేను పలికేదాన్ని కాదు. ఇది మన సంస్కృతి, శ్రద్ధగా చూడు అని నాకెవరూ చెప్పలేదు. పాట బాగుంది కాబట్టి చూశాను. ఎవరి హీరో గొప్ప అని మర్నాడు బస్సులో స్నేహితులతో దెబ్బలాడాను. తెలుగు నాలో ఇంత లోతుగా దిగడానికి ఆ దెబ్బలాటలూ కారణమే అని గట్టిగా నమ్ముతాను. ఇది నచ్చింది, ఇది నచ్చలేదు, ఎందుకంటే ఇదిగో అని చెప్పుకునే స్వేచ్ఛ మా పిల్లలకీ ఉండాలని కోరుకుంటాను.

మేముండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, గాయకుడు సిద్ శ్రీరామ్ పెరిగిన ఊళ్ళో. చెన్నైలో పుట్టి, పసితనంలోనే ఇటు వచ్చేసి, అమ్మ లతా శ్రీరామ్ దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకుని, తర్వాత బాస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో చదివిన అబ్బాయి. 2018లో 'ఇంకేం ఇంకేం కావాలే', 2019లో 'సామజవరగమన', 2021లో 'శ్రీవల్లి' పాడి తెలుగు దేశమంతా తనను పాడుకునేలా చేశాడు. ఆయన ఉచ్చారణ మీద మనవాళ్ళకి ఫిర్యాదులున్నాయి. మా అత్తయ్య కూడా "గొంతు మంచిగుంది గని, ఆ మాట సక్కగ పలకొద్దా" అంటుంది. ఆవిడ అనడంలో తప్పు లేదు. పాటకి మాట ప్రాణం. కానీ మా అబ్బాయి 'సామజవరగమన' విన్న తీరు వేరు. తన యాసకి దగ్గరగా ఉన్న గొంతొకటి, తను చదువుకుంటున్న ఊళ్ళో పెరిగిన గొంతు, లక్షలమంది తెలుగువాళ్ళకి నచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడితే బంధువులు నవ్వుతారని ముడుచుకుపోయే పదేళ్ళ పిల్లవాడికి అది ఎంత ధైర్యమో నేను దగ్గరుండి చూశాను.

అదే పాట వాణ్ణి ఇంకో చోటికీ తీసుకెళ్ళింది. సంగీతం క్లాసులో హిందోళ రాగం మొదలైనప్పుడు త్యాగరాజు కీర్తన పల్లవిలో 'సామజవరగమన' వినిపించింది. సినిమా పాటని టీచర్‌గారు ఎందుకు పాడుతున్నారా అని ఆశ్చర్యపోయి ఇంటికొచ్చి అడిగాడు. సినిమా పాట రాసింది సిరివెన్నెల గారని, ఆ మాటను త్యాగరాజు అంతకు ఎంతో ముందే పాడుకున్నారని చెప్పాను. ఆ రోజు నుంచి కీర్తన వాడికి హోంవర్క్ కాదు, తనకిష్టమైన పాట వెనకున్న పాత పాట. ముందు త్యాగరాజు, తర్వాతే సినిమా అని నేను వరస పెట్టి ఉంటే ఈ ఆసక్తి పుట్టేదని అనుకోను.

2023 మార్చిలో 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చినప్పుడు ఇక్కడి తెలుగు ఇళ్ళల్లో పండగే. కీరవాణి, చంద్రబోస్ వేదిక ఎక్కుతుంటే నేను ఏడ్చాను. మా అమ్మాయి మాత్రం అంతకుముందు జరిగిన నాట్యం దగ్గరే ఆగిపోయింది. "ముందు వరసలో డాన్స్ చేసినవాళ్ళలో మనలాంటివాళ్ళు ఎవరూ లేరేంటి?" అంది. తర్వాతి రోజుల్లో దక్షిణాసియా కళాకారులు చాలామంది అదే మాట బహిరంగంగా అడిగారు. పండగ పూట నేను గమనించనిది దానికి కనబడింది. ఈ దేశంలో పుట్టి పెరిగిన పిల్లలకి ఆ చూపు సహజంగానే ఉంటుంది: ఎవరి పాట, ఎవరి అడుగు, ముందు వరసలో ఎవరు. ఆ చూపుని ఆనందం పాడు చేసేదిగా కాక గౌరవించాల్సినదిగానే చూస్తాను.

నటి అవంతిక వందనపు విషయంలోనూ అంతే. మా శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా తెలుగమ్మాయి. 2016లో 'బ్రహ్మోత్సవం'లో బాలనటి, 2021లో డిస్నీ 'స్పిన్'లో నాయిక, 2024 'మీన్ గర్ల్స్'లో కేరెన్ శెట్టి. మా అమ్మాయి, దాని స్నేహితురాళ్ళు ఆ సినిమాకి గుంపుగా వెళ్ళారు. తర్వాత ఆ అమ్మాయి ఏదో రాకుమారి పాత్ర వేస్తుందని ఒక పుకారు పుట్టగానే, అది పుకారని తేలకముందే, రంగు గురించి ఎంత విషం కక్కారో పిల్లలందరూ చదివారు. ఆ రాత్రి మా ఇంట్లో నడిచిన మాటలు ఏ పాఠ్యపుస్తకమూ నేర్పలేనివి. మా అమ్మాయికి కోపం వచ్చింది. ఆ కోపం రావాల్సిందే.

తెలుగు సినిమా మీద కూడా దానికి కోపాలున్నాయి. నేను కాలేజీ రోజుల్లో పదే పదే చూసిన ప్రేమకథ ఒకటి పెడితే సగంలో ఆపేసింది. "ఆ అమ్మాయి వద్దంది కదమ్మా, మరి ఇంకా ఎందుకు వెంటపడుతున్నాడు?" నేను ఆ సినిమాని వెనకేసుకు రాలేదు. వద్దన్న అమ్మాయి వెంట పడడాన్ని ప్రేమగా చూపించడం తప్పే. పాటలు ఎంత బాగున్నా తప్పు తప్పే. హింస సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అమెరికాలో మన సినిమాలు చాలావరకు రేటింగ్ లేకుండానే విడుదలవుతాయి. ఇండియాలో 'ఎ' సర్టిఫికెట్ ఉన్న సినిమాకి ఇక్కడ అయిదేళ్ళ పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ప్రీమియర్‌కి వచ్చేవాళ్ళని చూస్తుంటాను. తెర మీద తలలు తెగుతుంటే ఆ పిల్లలు అమ్మ భుజంలో మొహం దాచుకుంటారు. దయచేసి ముందు ఒకసారి కనుక్కోండి. అభిమానం పేరుతో పసివాళ్ళకి భయం పెట్టకూడదు.

ఇక మా ఇంట్లో అందరం కలిసి ఎక్కువసార్లు చూసింది 'బలగం'. మావారిది కరీంనగర్ వైపు. 2023లో వేణు యెల్దండి తీసిన ఆ సినిమాని సిరిసిల్ల ప్రాంతపు పల్లెలో చిత్రీకరించారు కాబట్టి తెర మీద ఇళ్ళు, గోడలు, మనుషులు మాట్లాడే తీరు అన్నీ ఆయనవే. పెద్దాయన కొమురయ్య చనిపోతాడు. పిట్టముట్టుడుకి, అంటే పోయినవాళ్ళ పేరున కాకికి పెట్టే తంతుకి, పెట్టిన అన్నం కాకి ముట్టదు. ఎన్నో ఏళ్ళ కింద నల్లి బొక్క (మాంసంలోని మూలుగ ఎముక) దగ్గర మొదలైన బావబావమరదుల పంతం ఇంకా ఇంటిని విడదీసే ఉంటుంది. ఊళ్ళల్లో తెరలు కట్టుకుని జనం కలిసి చూశారంటే, విడిపోయిన అన్నదమ్ములు అది చూసి మాట్లాడుకున్నారంటే నాకు ఆశ్చర్యం వేయలేదు. 'ఊరు పల్లెటూరు' పాటకి కాసర్ల శ్యామ్‌కి జాతీయ అవార్డు వచ్చిన రోజు మావారు ఆఫీసు నుంచి వస్తూ దారంతా కారులో అదే పెట్టుకున్నారు.

ఈ సినిమా మాకు అంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. మా మామయ్యగారు పోయినప్పుడు మావారొక్కరే వెళ్ళగలిగారు. పిల్లలకి తాత అంటే ఫోన్‌లో చూసిన దండ వేసిన ఫోటో. పదకొండు రోజులు ఆ ఇంట్లో ఏం జరిగిందో, ఎవరు ఏడ్చారో, ఎవరు వంట చేశారో వాళ్ళకి తెలియదు. నాన్న గడ్డంతో తిరిగొచ్చి మర్నాడు పనికి వెళ్ళిపోయారు. అడగడానికి వాళ్ళకీ మాట రాలేదు, చెప్పడానికి ఆయనకీ రాలేదు. కొమురయ్య కోసం కాకిని పిలుస్తున్న దృశ్యంలో మా అబ్బాయి నాన్న వైపు తిరిగి, "తాతకి కాకి వచ్చిందా?" అన్నాడు.

సినిమా ఆపి ఆయన చెప్పారు. వెంటనే రాలేదట. చింతచెట్టు మీద కూర్చుని చూస్తూ ఉందట. బాబాయి ముందుకొచ్చి "బాపూ, అమ్మను మంచిగ చూసుకుంటం, రంది పెట్టుకోకు" అని మొక్కాక దిగిందట. మా పెళ్ళయ్యాక ఆయన అంతసేపు ఆగకుండా మాట్లాడడం నేను చూడలేదు. పిల్లలు అడుగుతూనే ఉన్నారు. తాతకి ఏమేం ఇష్టమని పెట్టారు? కల్లు పెట్టారా? నువ్వేం చెప్పావు? చివర మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడే పాట వచ్చేసరికి నలుగురం ఒకరినొకరం పట్టుకుని ఉన్నాం. మా పిల్లలకి తాత చావు అప్పుడే జరిగినట్టయింది. ఒక వినోదం మా ఇంటికి చేసిన ఈ మేలుకి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

అది చూశాకే '90స్' సిరీస్ పెట్టమని వాళ్ళంతట వాళ్ళు అడిగారు. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చింది. శివాజీ లెక్కల మాస్టారు, రూపాయి రూపాయి లెక్క చూసే ఇల్లు, టిఫిన్ అంటే ఉప్మా. మార్కుల కోసం పిల్లలు అంత భయపడడం మా వాళ్ళకి మింగుడు పడలేదు. "మీకూ ఇలాగే ఉండేదా?" అన్నారు. ఉండేది. అయినా ఆ మాస్టారి మీద వాళ్ళకి కోపం రాలేదు. డబ్బు లేకపోవడం ఆయన్ని ఎలా మార్చిందో వాళ్ళకి అర్థమైంది. మేం ఎన్నిసార్లు చెప్పినా మా చిన్నతనం వాళ్ళకి కథలాగే ఉండేది. ఆ ఇంటి గోడలు, ఆ టీవీ, ఆ ప్రోగ్రెస్ కార్డు చూశాక నిజమైంది.

ఇదంతా చదివి మా ఇంట్లో రోజూ తెలుగే నడుస్తుందనుకోకండి. గత ఏడాది వేసవి నుంచి మా ఇల్లంతా 'కేపాప్ డీమన్ హంటర్స్'. ఆ యానిమేషన్ సినిమా 2025 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అందులోని 'గోల్డెన్' ఆగస్టుకల్లా అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి చేరింది. మా ఇంట్లో అంతకు ముందే చేరింది. కొందరు స్నేహితులు బాధపడతారు, మన పిల్లలు మన పాటలు వదిలి కొరియా పాటలు పాడుతున్నారని. నాకు బాధ లేదు, పైగా ఆ సినిమా అంటే చాలా ఇష్టం. దర్శకుల్లో ఒకరైన మ్యాగీ కాంగ్ సియోల్‌లో పుట్టి టొరంటోలో పెరిగింది. అంటే మన పిల్లల లాంటి పిల్ల. పూనకంతో పాడి ఆడి దుష్టశక్తుల్ని తరిమే కొరియా పూజారిణుల పరంపర నుంచి తన పాప్ గాయనుల్ని పుట్టించింది. వాళ్ళ జానపద చిత్రాల్లోని పులిని, పిట్టని తెచ్చి పెట్టింది. అమ్మమ్మల కాలం నాటి సంగతులు పాతవని పక్కన పెట్టలేదు, గొప్పవని పీట మీదా పెట్టలేదు. ఇష్టంగా ఆడుకుంది.

మా అమ్మాయి దాన్ని చూసిన తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: "మనకీ ఇలాంటివాళ్ళు ఉన్నారా?"

ఉన్నారు. వాళ్ళ నానమ్మకి ఫోన్ కలిపాం. ఆవిడ గంటసేపు ఆపలేదు. బోనాల్లో ముందు నడిచే పోతరాజు, ఒంటినిండా పసుపు, చేతిలో కొరడా, అమ్మవారు ఒంటి మీదికొచ్చే శివసత్తుల పూనకాలు, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే రంగం. ఇవన్నీ నేనూ సరిగ్గా విననివే. గోదావరి వైపు మాకు జాతరలు వేరు. అమ్మాయి నోట్‌బుక్ తెచ్చుకుని రాసుకుంది. ఇప్పుడు బొమ్మల కథ ఒకటి గీస్తోంది. అందులో ఫ్రీమాంట్‌లో ఒక అమ్మాయికి బేస్‌మెంట్‌లో కొరడా దొరుకుతుంది. ఇక్కడ ఇళ్ళకి బేస్‌మెంట్‌లు ఉండవు కదే అన్నాను. గరాజ్ అని మార్చింది.

కథ ఇప్పుడు రంగం దగ్గర ఆగింది. ఆ కుండ మీద నిలబడే అమ్మాయి ఏ భాషలో చెప్పాలన్నది దాని సమస్య. నానమ్మేమో అమ్మవారు తెలంగాణ మాటే మాట్లాడుతుందంటోంది. మా అబ్బాయి ఇంగ్లీషులోనే చెప్పాలని, లేకపోతే ఫ్రీమాంట్‌లో ఎవరికి తెలుస్తుందని వాదిస్తున్నాడు. శనివారం పొద్దున మళ్ళీ కరీంనగర్‌కి ఫోన్ చేస్తాం. అమ్మాయి దగ్గర ఇంకో మూడు ప్రశ్నలు సిద్ధంగా ఉన్నాయి: కొరడా దేంతో పేనుతారు, పోతరాజుకి అక్కలు ఎంతమంది, ఆ పచ్చికుండ అసలు ఎందుకు పగలదు.