కాటిసీను పద్యంలో నల్లపూసలు

గుంటూరు వైపు పద్యనాటకం అంటే హరిశ్చంద్ర, హరిశ్చంద్ర అంటే కాటిసీను. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. అందులో జనం నోట నిలిచిన శ్మశాన పద్యాలు మాత్రం 1895లో వినుకొండలో పుట్టిన కవి జాషువావి.

వాటిలో అందరికీ తెలిసినది సీసం అనే ఛందస్సులో ఉన్న పద్యం. గణమంటే కొన్ని అక్షరాల గుంపు; సీసంలో పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. ప్రతి పాదమూ ‘ఇచ్చోటనే’ అని ఎత్తుకుంటుంది. కవి కలం, రాజు ముద్రిక, చిత్రకారుడి కుంచె, లేత ఇల్లాలి నల్లపూసలు. జాషువా వస్తువులే చూపిస్తాడు, శవాన్ని చూపించడు. ఆ నల్లపూసల దగ్గర నాకు గుండె పట్టేస్తుంది. పోయింది ఇల్లాలేనా, మొగుడు పోతే ఆమె మెడలోంచి తీసేశారా? పద్యం తేల్చదు.

పాడేటప్పుడు పాదాన్ని నాలుగేసి గణాలుగా విడగొట్టి, సగం దగ్గర ఊపిరి తీసుకోవాలి. చాలామంది రాగమంతా ‘ఇచ్చోటనే’ మీదే గుమ్మరిస్తారు. తర్వాత ఊపిరి చాలదు, మాట మధ్యలో విరుగుతుంది, హార్మోనియం అందుకుంటుంది. వన్స్‌మోర్ పడుతుంది, నల్లపూసలు మాత్రం ఎవరికీ వినపడవు. రాగం కావాలంటే పాదం చివర తీయండి, అర్థం అప్పటికే చేరిపోయి ఉంటుంది. సీసం కింద వచ్చే చిన్న పద్యం తేటగీతిలో కాడు మృత్యుదూత కూర్చునే బూడిద సింహాసనం అవుతుంది. గొంతు పెంచాల్సింది అక్కడ.