జోడీ లేని కోడిపుంజు

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున్న పూర్ణా మార్కెట్‌కి వంకాయల కోసం వెళ్లి కోడిపుంజుతో తిరిగొచ్చాను. వంకాయలు మర్చిపోయాను. ఆయన సంచీలోకి తొంగి చూసి ఏమీ అనలేదు. అలవాటు పడిపోయారు పాపం.

మార్కెట్ వెనక సందులో పాత సామాన్లు కొనే అతని కొట్టుంది. సొట్టలు పడ్డ బిందెలూ, పాడైన మిక్సీలూ, వాటి మధ్య మూత లేని ఆవకాయ జాడీ, అందులో తలకిందులుగా ఇది. అరచేతిలో ఇమిడేంత పింగాణీ పుంజు. ఎర్ర జుట్టు, పసుప్పచ్చ ఒళ్లు, ఒక కన్ను ఆకాశానికి, ఒకటి పక్కింటికి. రంగులేసిన మనిషికి ఆ రోజు బాగా తొందరగా ఉన్నట్టుంది. నాకు ఇలాంటివే కావాలి. కొలిచి చేసినట్టుండే అందమైన బొమ్మల వైపు నా చెయ్యే వెళ్లదు. నెత్తి మీద మూడు చిల్లులు, అంటే బల్ల మీద ఉప్పు చల్లుకునే బాపతు. మిరియాల పొడికి తోడుగా ఓ పెట్ట ఉండాలి.

"పెట్ట ఏదయ్యా?"

"పుంజొక్కటే వచ్చిందమ్మా. హార్బర్‌లో పనిచేసిన ముసలాయన ఇంట్లోది. జపాన్ సరుకు. రెండొందలివ్వండి."

"జోడీ లేనిదానికి రెండొందలేటి?"

"జోడీ ఉంటే వెయ్యి చెప్పీవోణ్ణి కదమ్మా."

దానికి నా దగ్గర జవాబు లేదు. 120కి తెగింది.

ఇంటికొచ్చి చూస్తే అడుగున బిరడా, లోపల పాత ఉప్పూ కలిసి రాయైపోయాయి. అరగంట గోరువెచ్చటి నీళ్లలో నానబెడితే బిరడా ముక్కలుగా ఊడొచ్చింది. కింద ఆకుపచ్చ ముద్ర, సగం చెరిగిపోయి: జపాన్. కొట్టతను అబద్ధం చెప్పలేదు! 1921 నుంచి అమెరికా వెళ్లే సరుకు మీద వాళ్ల భాషలో 'నిప్పాన్' అంటే కుదరదు, 'జపాన్' అనే వెయ్యాలన్నారు. యుద్ధం తర్వాత 1952 దాకా అమెరికా సైన్యం కిందున్న రోజుల్లో కొన్నిటి మీద 'ఆక్యుపైడ్ జపాన్' అని ఉండేది. ఆ మాట ఉంటే సేకరించేవాళ్లు ఎగబడతారు. నా పుంజుకి ఆ యోగం లేదు.

గోటితో తట్టాను. ఖంగుమనలేదు, ఓటి చప్పుడు. వెలుతురులో తిప్పి చూస్తే మెడ కింద వెంట్రుకంత నెర్ర. ఇక ఇందులో ఉప్పు పొయ్యకూడదు. మన సముద్రపు గాలికి ఉప్పు చెమర్చి నెర్రలోంచి మట్టిలోకి ఇంకుతుంది, ఆరినప్పుడు లోపలే గడ్డకట్టి పైనున్న మెరుగుని పెచ్చులుగా లేపేస్తుంది. ఈ సంగతి ఒక కుందేలుని పోగొట్టుకుని నేర్చుకున్నాను.

అలమరలో ఆవు పక్కన పెట్టాను. తోక పిడి, వీపు మీద మూత, నోట్లోంచి పాలు పోసుకునే జగ్గు అది. 1750లలో లండన్‌లో ఇలాంటివి వెండితో చేసేవారు, తర్వాత స్టాఫర్డ్‌షైర్ కుమ్మరులు మట్టితో చేశారు. నాది ఎగ్జిబిషన్‌లో కొన్న నకలు, ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జాలో చేసింది. 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను రోజు, కిటికీ అద్దంతో పాటు దీని కొమ్మూ పోయింది. ఆరాల్డైట్‌తో అతికించాను, కాస్త ఎడమకి వాలింది. అది కొన్న రోజే అత్తయ్య, "నోట్లోంచి పాలు రావడమేమిటే, పొదుగు దేనికి మరి?" అన్నారు. ఇంగ్లండ్‌లో కార్ల్‌టన్ వేర్ వాళ్లు 1970లలో కాళ్లూ బూట్లూ ఉన్న టీ కప్పులు చేశారని ఆవిడకింకా చెప్పలేదు.

రాత్రి భోజనాల దగ్గర మజ్జిగలోకి ఉప్పు అడిగారాయన. అందిద్దామని డబ్బా తీస్తుంటే, "ఉప్పు చేతికివ్వకే, గొడవలొస్తాయి" అంటూ అత్తయ్య లేచి వెళ్లారు. వస్తూ వస్తూ పుంజుని తెచ్చి కంచం పక్కన టక్కున పెట్టారు. లోపల ఉప్పు! చెమ్మ పీల్చుకోవడానికి నాలుగు బియ్యపు గింజలు కూడా వేశారట. ఊడిన బిరడా బదులు చింతపండు ఉండ. నా నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

ఆయన పుంజుని అటూ ఇటూ తిప్పి చూసి, "దీని పెట్ట ఏదీ?" అన్నారు.

"పక్కింటికెళ్లుంటుంది, వచ్చేస్తుంది. నువ్వు తిను" అన్నారు అత్తయ్య.